యా పేపరప్పా అది? పత్రికల్లోని రాజకీయ పక్షపాతాన్ని గుర్తించి, వార్తను వేరుచేసుకునే పద్ధతి

అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర టీ బంకులో ఉదయం ఆరున్నరకు పేపరు విప్పినవాడిని పక్కవాడు అడిగే మొదటి మాట "యా పేపరప్పా అది?" అని. పేరు చెప్పగానే లోపల ఏముంటుందో ఇద్దరికీ తెలిసిపోతుంది. చదవవలసిన పని తప్పుతుంది. ఒకరికి అది తెలుగుదేశం వైపు మొగ్గే పచ్చ మీడియా, మరొకరికి ఇది వైఎస్సార్‌సీపీ వైపు మొగ్గే నీలి మీడియా. పత్రికలకు పక్షం ఉంటుందని తెలుగు పాఠకుడికి ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. మనకు వచ్చిన చిక్కల్లా, రంగు గుర్తుపట్టిన తరువాత ఆ పత్రికలోని వాస్తవాన్ని కూడా రంగుతోపాటే అవతల పారేయడం. ఒక పార్టీని గట్టిగా వ్యతిరేకించే పత్రికకు ఆ పార్టీ లొసుగులు తవ్వే ఓపిక మిగతా వారికంటే ఎక్కువ. కనుక దానిని పూర్తిగా నమ్మేవాడూ, అసలు తెరవనివాడూ సమానంగానే నష్టపోతున్నారని నా అభిప్రాయం. తాలు చెరిగి గింజ మిగుల్చుకునే ఒక పద్ధతిని ఇక్కడ అడుగులవారీగా వివరిస్తున్నాను. దీనికి ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు, రెండు వారాలపాటు రోజుకు అరగంట చాలు.

మొదటి అడుగు: ఒకే విషయాన్ని పట్టుకోవడం

పేపరు మొత్తాన్ని పరీక్షకు పెడితే మొదటి రోజే విసుగు వస్తుంది. మీ జిల్లాకు సంబంధించిన ఒకే విషయాన్ని ఎంచుకుని, దాని గురించి కనీసం మూడు పత్రికల్లో అదే రోజు వచ్చిన వార్తలను పక్కపక్కన పెట్టండి. మూడు పత్రికలు కొననక్కరలేదు. గ్రంథాలయంలో దొరుకుతాయి, చాలావాటి ఈ-పేపర్లు ఫోనులోనే చదవవచ్చు. మొదటి పేజీతో ఆగకుండా జిల్లా పేజీలు తప్పక చూడాలి. రాష్ట్రస్థాయి వార్త నలుగురి చేతుల మీదుగా, కొంత జాగ్రత్తతో అచ్చవుతుంది. జిల్లా పేజీలో మాత్రం స్థానిక ఎమ్మెల్యేతో పత్రికకున్న సంబంధం ముసుగు లేకుండా కనిపిస్తుంది.

నేను ఎంచుకున్నది హంద్రీ-నీవా. శ్రీశైలం వరదనీటిలో 40 టీఎంసీలు ఎత్తిపోసి, ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు జిల్లాల్లో 6.025 లక్షల ఎకరాలకు ఇవ్వాలన్నది దాని లక్ష్యం. మాల్యాల దగ్గర మొదలయ్యే తొలిదశ మన బెళుగుప్ప మండలంలోని జీడిపల్లి జలాశయం దగ్గర ముగుస్తుంది. ఈ పథకం కీర్తి తమదంటే తమదని ప్రతి పార్టీ చెప్పుకుంటుంది కనుక, పక్షపాతం చూడదలచినవారికి ఇంతకంటే మంచి పొలం దొరకదు.

పద్ధతి తెలియడానికి మూడు శీర్షికలు నేనే కల్పించి చూపిస్తాను. ఒకే రోజు, ఒకే నీళ్లు. మొదటి పత్రిక: "జీడిపల్లికి బిరబిరా కృష్ణమ్మ". రెండో పత్రిక: "కాలువలో నీళ్లు.. రైతు కళ్లలో కన్నీళ్లు". మూడోది: "జీడిపల్లికి చేరిన హంద్రీ-నీవా జలాలు". వీటిలో అబద్ధం ఒక్కటీ లేకపోవచ్చు. ప్రధాన కాలువలో నీరు పారడం ఒకటి, పిల్లకాలువలు తవ్వి ఆయకట్టుకు ఆ నీరు అందించడం మరొకటి. మొదటి పత్రిక మొదటిదే చెప్పి ఆగింది, రెండోది రెండోదే చెప్పి ఏడ్చింది. తెలుగు పత్రికల్లో పక్షపాతం పచ్చి అబద్ధంగా వచ్చేది తక్కువ. సగం నిజాన్ని పూర్తి నిజం వేషంలో నిలబెట్టడమే ఎక్కువ. నోటుపుస్తకంలో మొదటి రోజు రాసుకోవలసింది కూడా అదే: ఏ పత్రిక ఏ సగం చెప్పింది?

రెండో అడుగు: యజమాని ఎవరో కాగితం మీద చూడటం

ప్రతి పత్రికలో, ఎక్కువగా చివరి పేజీ అడుగున, సన్నని అక్షరాల్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు ఉంటాయి. పాత చట్టం కింద ఏటా ఫిబ్రవరి ముగిసిన తరువాత వచ్చే తొలి సంచికలో "ఫారం 4" అనే ప్రకటన అచ్చయ్యేది. అందులో యజమాని పేరుతోపాటు, మూలధనంలో 1 శాతానికి మించి వాటా ఉన్నవారి పేర్లు ఇవ్వవలసి ఉండేది. పాత మార్చి సంచికల్లో దానిని వెతకండి. టీ బంకులో విన్న మాటకు, అచ్చులో ఉన్న పేరుకు తేడా ఉంటుంది.

చరిత్ర కొంత తెలిసి ఉండటం అవసరం. 1974లో విశాఖపట్నంలో రామోజీరావు ప్రారంభించిన ఈనాడు, 1983 ఎన్నికల్లో తెలుగుదేశానికి బాహాటంగా అండగా నిలిచింది. 1960లో పుట్టి 2000లో మూతపడిన ఆంధ్రజ్యోతి 2002లో వేమూరి రాధాకృష్ణ యాజమాన్యంలో మళ్లీ వచ్చింది. సాక్షిని 2008లో వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి స్థాపించారు. ప్రజాశక్తి సీపీఎంది, విశాలాంధ్ర సీపీఐది. ఆ సంగతి ఆ పత్రికలు దాచుకోవు. మన ఊరికి ఇది కొత్తేమీ కాదు: కాంగ్రెస్‌వాది, స్వాతంత్ర్య సమరయోధుడు పప్పూరు రామాచార్యులు 1926లో అనంతపురం నుంచే శ్రీసాధన పత్రిక తెచ్చారు, ఆ పత్రిక ఎవరి వైపో అప్పటి పాఠకుడు అడిగి తెలుసుకోవలసిన అవసరం రాలేదు. పక్షం ప్రకటించిన పత్రికను చదవడం తేలిక. తటస్థత బోర్డు తగిలించుకున్న పత్రిక దగ్గరే పెన్సిలు ఎక్కువ అరుగుతుంది.

యజమాని పేరు తెలిశాక చాలామంది అక్కడే ఆగిపోతారు. యజమానిని బట్టి వార్త ఎటు ఒరుగుతుందో ఊహించవచ్చు. ఆ వార్త నిజమా కాదా అన్నది మాత్రం ఆ పేరు చెప్పదు.

మూడో అడుగు: జాగా కొలవడం

ఇది త్వరగా అయ్యే పని. వార్త ఏ పేజీలో వచ్చింది, ఎన్ని కాలమ్‌లు, ఫొటో ఉందా, బాక్సు కట్టారా అన్నవి నాలుగు గళ్లలో రాసుకోండి. ఒక పత్రికలో బ్యానర్ అయిన వార్త మరోదానిలో ఏడో పేజీ అడుగున సింగిల్ కాలమ్ అయితే, ఇద్దరిలో ఒకరికి అది ఇబ్బందికరమైనది. సభల ఫొటోలు ప్రత్యేకంగా చూడాలి. వేదిక మీదనుంచి ముందు వరుసలను మాత్రమే తీస్తే జనసంద్రం, వెనక ఖాళీ కుర్చీల మధ్యనుంచి తీస్తే వెలవెలబోయిన సభ. ఒకే మైదానం, ఒకే సాయంత్రం.

నాలుగో అడుగు: క్రియాపదాన్ని పట్టుకోవడం

ఈ అడుగు మీద ఎక్కువ సమయం పెట్టమని నా సలహా. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, పత్రిక తన తీర్పును అక్కడే దాచిపెడుతుంది. ఒక నాయకుడు విలేకరుల సమావేశంలో ఒక మాట చెప్పాడనుకుందాం. "అన్నారు" అంటే చెప్పిన మాటను అలాగే మోసినట్టు. "స్పష్టం చేశారు", "వెల్లడించారు" అంటే ఆ మాట నిజమేనని పత్రిక పూచీ పడినట్టు. "చెప్పుకొచ్చారు" అంటే నమ్మవద్దని పాఠకుడికి కన్ను గీటినట్టు. "బుకాయించారు" అంటే అబద్ధమని తేల్చినట్టు. "నిప్పులు చెరిగారు", "ధ్వజమెత్తారు" అంటే వీరతిలకం దిద్దినట్టు. అవే మాటలు అవతలి పార్టీ మనిషి నోట వస్తే "నోరు పారేసుకున్నారు", "అక్కసు వెళ్లగక్కారు" అవుతాయి.

వీటన్నిటికంటే నేను ఎక్కువగా ఆశ్చర్యపోయిన జంట ఒకటుంది: తరలివచ్చారు, తరలించారు. సభకు జనం "తరలివచ్చారు" అని రాస్తే అభిమానం, "తరలించారు" అని రాస్తే బస్సు, బిర్యానీ, కూలి డబ్బు. ధాతువు ఒకటే, ప్రేరణార్థకం చేర్చగానే వేలమంది మనుషులు సరుకైపోయారు. చిన్నప్పుడు వ్యాకరణం ఎందుకని మాస్టారిని అడిగేవాళ్లం; ఇందుకు.

అరెస్టు వార్తల్లో ఇది మరీ ముఖ్యం. "అదుపులోకి తీసుకున్నారు", "అరెస్టు చేశారు", "అక్రమంగా అరెస్టు చేశారు" అన్న మూడింటిలో చివరిది న్యాయస్థానం చెప్పవలసిన మాట. అలాగే కేసు నమోదైన రోజునే "కుంభకోణం సూత్రధారి" అని రాయడం కూడా. నేరం రుజువయ్యేదాకా మనిషి నిందితుడే, దోషి కాదు. ఈ తేడాను మన పత్రికలు తమవారి విషయంలో శ్రద్ధగా పాటిస్తాయి.

సాధన ఇలా చేయండి. వార్తలోని ప్రతి "స్పష్టం చేశారు", "మండిపడ్డారు", "బుకాయించారు"ను పెన్సిలుతో కొట్టి, పైన "అన్నారు" అని రాయండి. "సంచలన", "దుర్మార్గపు", "చారిత్రక" వంటి విశేషణాలు కొట్టేయండి. మిగిలినదాన్ని పైకి చదవండి. అరపేజీ వార్తలో నాలుగు వాక్యాలు మిగిలితే సంతోషించండి.

పేర్ల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఒక పత్రికలో తెదేపా, వైకాపా; మరొకదానిలో టీడీపీ, వైఎస్సార్‌సీపీ. "వైకాపా" అన్నప్పుడు పేరులోని వైఎస్సార్ చెవికి వినపడడని ఆ పార్టీవారి బాధ. పక్క జిల్లాకు 2010లో వైఎస్సార్ జిల్లా అని, 2025లో వైఎస్సార్ కడప జిల్లా అని పేరు మార్చారు. అయినా అది కడప జిల్లా అని ఎవరు రాస్తున్నారు, వైఎస్సార్ జిల్లా అని ఎవరు రాస్తున్నారు అన్నదాన్ని బట్టి లెక్కలు కట్టేవాళ్లు ఉన్నారు. దీనికి మరీ ఎక్కువ బరువు ఇవ్వవద్దు. ఇవి ఆ పత్రిక శైలి నియమాలు. ఒక వార్తలోని నిజానిజాలు వీటివల్ల తేలవు.

ఐదో అడుగు: ఎవరు చెప్పారో వెతకడం

"విశ్వసనీయ వర్గాల సమాచారం", "అని తెలిసింది", "విమర్శలు వెల్లువెత్తుతున్నాయి", "నియోజకవర్గంలో చర్చ జరుగుతోంది". ఈ నాలుగింటిలోనూ మనిషి లేడు. విమర్శలు వెల్లువెత్తాయంటే ఎవరు విమర్శించారో ఒక్క పేరైనా ఉందేమో చూడండి. మనిషి పేరు, పదవి, పత్రం సంఖ్య, తేదీ, వీటిలో ఏ ఒక్కటీ లేని వాక్యాన్ని కొట్టేయండి. పేరు లేని ఆధారమంతా అబద్ధమని దీని అర్థం కాదు. ఉద్యోగానికి భయపడి పేరు చెప్పని అధికారి నిజమే చెప్పి ఉండవచ్చు. కానీ అటువంటి వార్తకు తోడుగా ఒక కాగితమైనా ఉండాలి. "ఆ నేత పార్టీ మారనున్నారా?" అన్న ప్రశ్నార్థకపు శీర్షికకు కూడా ఇదే నియమం. ఆ చిన్న గుర్తు పత్రికను కోర్టునుంచి కాపాడుతుంది, వార్తను మాత్రం నిజం చేయదు.

అవతలి పక్షం వివరణ ఎక్కడ ఉందో కూడా చూడాలి. ఆరోపణ పది పేరాలు, చివర "ఈ విషయమై వివరణ కోరగా అందుబాటులోకి రాలేదు" అని ఒక ముక్క ఉంటే, మరుసటి రోజు, ఆ మరుసటి రోజు సంచికలు వెతకండి. వివరణ వచ్చిందా, వస్తే ఎంత జాగా దొరికింది?

ఆరో అడుగు: అచ్చుకాని వార్తను లెక్కపెట్టడం

ఉన్న వార్తలోని వంకర కంటే లేని వార్త ఎక్కువ చెబుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఒకటే దారి: మూడు పత్రికల జిల్లా పేజీల్లోని శీర్షికలన్నీ మూడు వరుసల్లో రాసి, ఒకదానిలో ఉండి మిగతావాటిలో లేనివాటిని గుండ్రంగా చుట్టడం. వారం తిరిగేసరికి ఒక బొమ్మ ఏర్పడుతుంది. వేరుశనగ రైతుకు పంటల బీమా అందలేదన్న వార్త ఏ ప్రభుత్వ హయాంలో ఏ పత్రికలో కనిపించింది, ప్రభుత్వం మారాక ఏ పత్రికలోకి వలస వెళ్లింది అన్నది పాత సంచికలు తిరగేసి చూడండి. 2019లో 175 స్థానాల్లో 151 గెలిచిన వైఎస్సార్‌సీపీ 2024లో 11కు పడిపోయింది. తెలుగుదేశం 23 నుంచి 135కు లేచింది. వాన, గిట్టుబాటు ధర, బోరుబావి గురించిన రైతు బెంగ ఆ రెండు ఎన్నికల మధ్య తీరలేదు. 2019 మే నెలకు, 2024 జూన్ నెలకు అటూ ఇటూ ఆరేసి నెలల జిల్లా పేజీలను పోల్చి చూసేంత ఓపిక మీకుంటే, ఈ మార్గదర్శిలోని మిగతా అడుగులన్నీ మీకు వాటంతట అవే అర్థమవుతాయి.

ఏడో అడుగు: అసలు కాగితం దగ్గరికి వెళ్లడం

రెండు పత్రికలు రెండు రకాలుగా చెప్పినప్పుడు మూడో పత్రికను నమ్మడం సర్దుబాటే గానీ పరిష్కారం కాదు. వార్త దేని గురించో ఆ పత్రాన్ని చూడాలి. జీవో గురించిన వార్త అయితే జీవో సంఖ్య, తేదీ రాసుకోండి. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం జీవోలను పాత వెబ్‌సైటులో పెట్టడం ఆపేసింది, 2024 ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టింది. ఆ మధ్యకాలపు వార్తలను సరిచూసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కేసు వార్త అయితే ఎఫ్ఐఆర్ చూడాలి. సున్నితమైన కేసులు మినహా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే ఆదేశించింది. పథకం ఖర్చు గురించైతే బడ్జెట్ పుస్తకం, కాగ్ నివేదిక. ఎక్కడా దొరకనప్పుడు 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

నీళ్ల వార్తలకు ఇంకా సులువైన కొలమానం ఉంది. శ్రీశైలం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. అక్కడినుంచి రాయలసీమకు నీళ్లు మళ్లించే పోతిరెడ్డిపాడు గురించి ఎవరు ఏం రాసినా, ఆనాటి మట్టం నీళ్లు తీసుకోవడానికి కనీస మట్టంగా చెప్పే 854 అడుగుల గీతకు పైనుందా కిందనుందా అని ముందు చూసుకుంటే సగం వాదం అక్కడే తేలిపోతుంది. ఇక జీడిపల్లి అంటారా, బండి మీద వెళ్లి రావచ్చు. ఒకసారి నేను రోజూ కొనే పత్రికే మా బంధువుల ఊరి పిల్లకాలువ పని పూర్తయిందని ఫొటోతో సహా వేసింది. పండక్కి వెళ్లినప్పుడు చూస్తే ఆ ఫొటోలో కనిపించే నూరు గజాలు పూర్తయిన మాట నిజమే. ఆ పైన కంపచెట్లు.

ఎనిమిదో అడుగు: డబ్బు దారి చూడటం

మండల విలేకరికి జీతం ఉండదు. రాసిన వార్తలకు వచ్చే లైన్ అకౌంట్ బండి పెట్రోలుకు చాలదు. పైగా నాయకుల జన్మదినానికి, సంక్రాంతికి, ఆగస్టు పదిహేనుకు ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా అతనిదే. ప్రకటన ఇచ్చిన సర్పంచి మీద మరుసటి వారం వార్త రాయడం ఎంత కష్టమో ఊహించవచ్చు. స్థానిక వార్తల్లోని వంకర చాలావరకు సిద్ధాంతం వల్ల వచ్చింది కాదు, ఈ ఏర్పాటు వల్ల వచ్చింది. విలేకరిని తిట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఎన్నికల కాలంలో వార్తకూ ప్రకటనకూ మధ్య గోడే కూలిపోతుంది. 2009 ఎన్నికల తరువాత ఈ డబ్బు వార్తల (పెయిడ్ న్యూస్) మీద ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యుల ఉపసంఘం వేసింది. వారిలో ఒకరు తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి. 2010లో వారిచ్చిన పూర్తి నివేదికను కౌన్సిల్ వెంటనే బయటపెట్టలేదు. 2011లో కేంద్ర సమాచార కమిషన్ చెప్పాక గానీ అది బయటికి రాలేదు. ఇటువంటి వార్తను గుర్తించడానికి కొండగుర్తులు ఇవి: ఒకే పాఠం ఒక్క అక్షరం మారకుండా రెండు పత్రికల్లో వేర్వేరు పేర్లతో రావడం, ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులూ "విజయం ఖాయం" కావడం, అభ్యర్థి వార్తలో ఎదుటివారి ఊసే లేకపోవడం. అనుమానం వస్తే జిల్లాస్థాయి మీడియా పర్యవేక్షణ కమిటీకి, అంటే ఎంసీఎంసీకి, ఫిర్యాదు చేయవచ్చు.

ప్రభుత్వ ధనం సంగతీ చూడాలి. పత్రిక కొనుక్కోవడానికి వాలంటీర్లకు నెలకు 200 రూపాయలు ఇస్తూ 2022లో వచ్చిన ఉత్తర్వు సాక్షికి మేలు చేయడానికేనని ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కింది. 2023లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాన్ని ఢిల్లీ హైకోర్టుకు పంపింది. టీవీల విషయంలో 2019లో ప్రభుత్వం మారాక ఏబీఎన్, టీవీ5, 2024లో మళ్లీ మారాక సాక్షి టీవీ, టీవీ9, ఎన్టీవీ కేబుల్ తెరమీదనుంచి మాయమయ్యాయి. టీవీ9 ప్రసారాలను పునరుద్ధరించమని ఢిల్లీ హైకోర్టు చెప్పవలసి వచ్చింది. కనుక మీ ఇంట్లో ఏ ఛానల్ రావడం లేదో కూడా నోటుపుస్తకంలో రాసుకోండి.

టీవీ చర్చల గురించి, ఫోనుకు వచ్చే వీడియో ముక్కల గురించి ఎక్కువ చెప్పను. ముప్పై సెకన్ల ముక్క చూసి కోపం వస్తే, పూర్తి వీడియోలో ఆ ముక్కకు ముందు ఒక నిమిషం, తరువాత ఒక నిమిషం చూడాలి. అది దొరకకపోతే ఎవరికీ పంపకూడదు.

తొమ్మిదో అడుగు: తప్పు దొరికితే చేయవలసింది

వంకర వేరు, అబద్ధం వేరు. వంకరకు మందు లేదు. అబద్ధానికి కొంత ఉంది. సంచిక తేదీ, పేజీ, అబద్ధమని మీరంటున్న వాక్యం, దాన్ని కాదనే పత్రం జతచేసి ముందుగా సంపాదకుడికి రాయాలి. జవాబు రాకపోయినా, వచ్చింది తృప్తినివ్వకపోయినా ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దినపత్రిక విషయంలో అచ్చయిన రెండు నెలల్లోపు చేయాలి. కౌన్సిల్ మందలించగలదు, అభిశంసించగలదు, జరిమానా వేయలేదు. టీవీ దాని పరిధిలో లేదు.

పదో అడుగు: నోటుపుస్తకాన్ని ఎదుటి పార్టీవాడి చేతిలో పెట్టడం

మన కంటికి నచ్చని పత్రికలోని "బుకాయించారు" వెంటనే కనిపిస్తుంది, నచ్చిన పత్రికలోని "చెప్పుకొచ్చారు" కనిపించదు. అందుకని రెండు వారాలయ్యాక ఆ నోటుపుస్తకాన్ని, కొట్టివేతలున్న పేపర్లను అవతలి పార్టీకి ఓటేసే స్నేహితుడికి ఇచ్చి, నేను వదిలేసినవి ఎర్ర సిరాతో చుట్టమని అడగాలి. నా నోటుపుస్తకాన్ని సప్తగిరి సర్కిల్ దగ్గర దుకాణం పెట్టుకున్న ఒక పెద్దాయన చూశారు. "నువ్వు మా వాళ్లవి బాగానే ఏరినావులే అప్పా, మీ వాళ్లవి యాడ పోయినాయి?" అంటూ మొదటి రోజు పేజీలోనే మూడు గుండ్రాలు చుట్టారు. వాటిలో ఒకదాని మీద ఇప్పటికీ మా ఇద్దరికీ కుదరలేదు. మిగతా రెండూ ఆయన చుట్టినవి న్యాయంగానే ఉన్నాయి. ఆ రెండూ "తరలివచ్చారు"లే.